కొలిమి దగ్గర నా వంతు

మద్దేడు సంతలో కమ్మరి కొలిమికి ఎడమ పక్కన ఒక చదునైన బండ ఉండేది. సంతకు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు సైకిళ్ళను కొలిమి పాకకు ఆనించి, ఆ బండ మీదా దాని చుట్టూ కూర్చునేవాళ్ళు. బస్తరు ఇంకా రాజుల సంస్థానంగా ఉన్న కాలం అది. దూరదేశాల్లో యుద్ధం జరుగుతోందని, అందుకే రబ్బరు దొరకడం లేదని చెప్పుకునేవాళ్ళు. మా భోపాల్‌పట్నం వైపు సైకిలు ఉన్నవాళ్ళే అరుదు. రిపేరు దుకాణం జగదల్‌పూర్‌లో ఉందని వినడమే తప్ప చూసినవాడు లేడు. సైకిలుకు ఏ జబ్బు చేసినా మాకు మేమే వైద్యులం. అందుకే ఆ బండ దగ్గర అడిగే ప్రశ్నలకూ, వచ్చే జవాబులకూ అంత విలువ.

దానికి ఒక పద్ధతి ఉండేది. ప్రశ్న ఎవరైనా అడగవచ్చు. జవాబు మాత్రం అందరికంటే పాత సైకిలు ఉన్నవాడు ముందు చెప్పాలి. అతని తరవాత, ఆ తరవాతి పాత సైకిలువాడు. అట్లా వరసగా వంతులు. వంతు రానివాడు నోరు తెరవకూడదు. ఈ పద్ధతి పెట్టింది ఎవరో నాకు తెలియదు కానీ, పాత సైకిలు ఉన్నవాడే పెట్టి ఉంటాడని నా నమ్మకం.

నాకు వంతు లేదు. చివరి వంతు కాదు, అసలు వంతే లేదు. ఎందుకంటే నా సైకిలు సర్కారుది.

నేను టీకాలు వేసేవాణ్ణి. మశూచి మందు సన్నని గాజు గొట్టాల్లో వచ్చేది. పిల్లల జబ్బ మీద సూదితో గీరి ఆ మందు అద్దడం నా పని. వేడి తగిలితే ఆ మందుకూ నీళ్ళకూ తేడా ఉండదు. అందుకని టీకాల పని చలికాలంలోనే. మా దవాఖానా కింద టీకాలు వేసేవాళ్ళం ఇద్దరం. కింది ఊళ్ళకు నేను. పైన, జగదల్‌పూర్ మోటారు వచ్చి ఆగే ఊళ్ళో, ఇంకొకాయన. ఇద్దరికీ కలిపి సర్కారు ఇచ్చింది ఒకటే సైకిలు. నా ఊళ్ళు దూరం దూరం కాబట్టి అది నా చేతికి వచ్చింది. నల్లటి సైకిలు, వెనక వెడల్పాటి క్యారియరు, హ్యాండిలుకు ఇత్తడి గంట. దాన్ని నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. వానలో నేను తడిసేవాణ్ణి, దాని మీద గొంగడి కప్పేవాణ్ణి. వాగు వస్తే భుజాన ఎత్తుకునేవాణ్ణి. మా ఇంట్లో అది పొయ్యి పక్కనే నిలబడేది. మా ఆవిడ దాని చుట్టూ తిరిగి వంట చేసేది.

నేను మొదటిసారి ఆ బండ దగ్గర కూర్చున్న రోజున గాజులు అమ్మే ఆయన నన్ను అడిగాడు. అందరిలోకీ పాత సైకిలు ఆయనదే. ముందొక గాజుల పెట్టె, వెనకొక గాజుల పెట్టె, మధ్యలో ఆయన.

"తమ్మీ, ఈ సైకిలు నీదా, సర్కారుదా?"

"సర్కారుదే గానీ నా చేతిల ఉన్నది."

"చేతిల ఉన్నదల్లా మనదే అయితే, నేను గాజులు తొడిగే చేతులన్నీ నావే గావాలె. మా ఇంటిదానికి జెప్పకు. కూసో. మేము చెప్తం, నువ్వు విను."

కమ్మరి కూడా సుత్తె ఆపి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. తొక్కేది నేను, తుడిచేది నేను, పంక్చరైతే కూర్చుని అతికేది నేను. కానీ సైకిలు గురించి ఒక్క ముక్క చెప్పడానికి నాకు హక్కు లేదు.

అయినా ప్రతి సంతకూ కూర్చున్నాను. అవమానం జరిగిన చోటు వదిలి వెళ్ళిపోతే, అవమానించినవాడికి పండుగ. అదొక్కటే కాదు, అక్కడ వినదగిన మాటలు ఉండేవి. ఒప్పుకోకపోతే అబద్ధం అవుతుంది. ట్యూబు చినిగిపోయి కొత్తది దొరకకపోతే వరిగడ్డి పురి పేని టైరులో కూరడం అక్కడే నేర్చుకున్నాను. పంపు లోపలి తోలు ఎండిపోతే పిడికెడు తవుడులో నూనె కలిపి దాన్లో పెట్టి ఉంచాలని అక్కడే విన్నాను. పంచె కొస గొలుసులో పడకుండా ఎట్లా దోపుకోవాలి, ఎలుగుబంటి దారిలో నిలబడితే గంట కొట్టాలా వద్దా, ఇట్లాంటివన్నీ అక్కడ తేలేవి. ఎలుగుబంటి సంగతిలో గాజులాయన కొట్టమన్నాడు. అడవి కలప బళ్ళను ఆపి చూసే జంగిల్ నాకా దగ్గర కాపలా ఉండే నాకేదారుది రెండో వంతు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"గంట కొట్టు," అన్నాడు ఆయన. "కొట్టినాక సైకిలు దానికిచ్చి, నువ్వు చెట్టెక్కు."

చలికి ఆయన చెప్పిన ఉపాయం మాత్రం బంగారం. పొద్దున్నే సైకిలు తొక్కితే గాలి ఎదురుగా వచ్చి రొమ్ములో గుచ్చుతుంది. చొక్కా కింద అడ్డాకుల విస్తరి ఒకటి పెట్టుకోమన్నాడు. గాలి దూరదు, బరువుండదు, మధ్యాహ్నం దాంట్లోనే అన్నం తినొచ్చు. చేతులకు పాత పంచె పేలికలు చుట్టుకోమన్నాడు. చెవులు మూసుకునేట్టు తువ్వాలు కట్టుకోవాలి కానీ, వెనక నుంచి వచ్చే ఎడ్లబండి వినపడేందుకు కుడిచెవి కొంచెం వదలాలట.

ఆ చలికాలం మొదట్లో నేనూ ఒక ప్రశ్న అడిగాను. వాగులు దాటీ దాటీ నా ఫ్రీవీల్లోకి నీళ్ళూ ఇసుకా చేరాయి. తొక్కుతుంటే కరకరమంటోంది. ఫ్రీవీలు అంటే వెనక చక్రం మధ్యలో గొలుసు తిప్పే పళ్ళచక్రం. దాని లోపల రెండు చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి. మనం తొక్కినప్పుడు అవి లేచి చక్రాన్ని పట్టుకుంటాయి. కాళ్ళు ఆపితే వదిలేస్తాయి. అందుకే కాళ్ళు ఆపినా సైకిలు సాగుతుంది.

"ఇప్ప నూనె పొయ్యి," అన్నాడు గాజులాయన వెంటనే. "చిక్కగ ఉంటది. నీళ్ళు రానియ్యది, దుమ్ము రానియ్యది. నాది ఇన్నేండ్ల సైకిలు, ఎప్పుడన్న కరకర విన్నరా?"

"నాదీ అదే మాట," అన్నాడు నాకేదారు.

ఇప్పగింజల నూనె చలికి నెయ్యిలా పేరుకుంటుంది. మా వైపు ప్రతి ఇంట్లో ఉండే నూనె. కుండలో గడ్డకట్టి పొద్దున గంటె దిగకపోవడం ఎవరికి తెలియదు? నాకు సందేహం నోటి దాకా వచ్చింది. అన్నాను కూడా: "అన్నా, చలికి అది పేరు..."

గాజులాయన చెయ్యి ఎత్తాడు. "వంతు."

"అడిగింది నేనే గదా?"

"అడుగుడు అయిపోయింది. చెప్పుడు నడుస్తాంది. నీకు వంతు లేదు."

మిగతావాళ్ళూ వరసగా ఇప్ప నూనే అన్నారు. ఈ మాట ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, తరవాత జరిగినదానికి తప్పు నాదని అన్నవాళ్ళున్నారు. తప్పు ఎవరిదో చదివేవాళ్ళు తేల్చుకోవచ్చు. ఆ రోజు నా మాట పూర్తి కానిస్తే ఎవరో ఒకరు ఆలోచించి ఉండేవాళ్ళు. వాళ్ళ సలహా వాళ్ళకు సరైనదే. సంతలకు తిరిగేవాళ్ళు పొద్దెక్కాక కదులుతారు. అప్పటికి ఎండకు నూనె కరిగిపోయి ఉంటుంది. టీకా మందు మోసేవాడు చీకటి ఉండగానే కదలాలి. అంత పొద్దున్నే సైకిలెక్కేవాడు ఆ బండ దగ్గర నేనొక్కణ్ణే. అది చెప్పడానికే నాకు వంతు లేకపోయింది.

ఇంటికి వచ్చి ఇప్ప నూనె పోశాను. పొయ్యి పక్కన నిలబడే సైకిలు కాబట్టి మా ఇంట్లో ఏ ఇబ్బందీ రాలేదు. కరకర పోయింది. గాజులాయన మాటే నిజమేమో అనుకున్నాను.

ఇక మా దవాఖానా డాక్టరు బాబు సంగతి. ఆయన రాయపూర్ వైపు మనిషి, హిందీలోనే మాట్లాడేవాడు. చెడ్డవాడు కాడు, కానీ ఒకసారి మనసులో పెట్టుకుంటే తీసేసే మనిషి కాడు. ముందటి చలికాలం నేను మందు తెస్తుండగా దారిలో టైరు పేలింది. సైకిలు నెట్టుకుంటూ, మందు నెత్తిన పెట్టుకుని నడిచాను. చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ మందు వేసిన పిల్లల్లో ఒక్కరి జబ్బ మీదా పొక్కు లేవలేదు. పొక్కు లేవకపోతే టీకా పట్టనట్టే. ఆ అడవి ఊళ్ళల్లో ఉండే దోర్ల జాతి పెద్దలు వచ్చి డాక్టరు బాబుతో, "మీరు మా పిల్లలను గీరి నీళ్ళు పూసిండ్రు," అన్నారు. ఆ మాటకు ఆయన ముఖం మాడిపోయింది. పేలింది సర్కారు టైరు. కొత్తది కావాలని నేను ముందే అడిగి ఉన్నాను. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఈసారి మద్దేడు సంతరోజే టీకాలు పెట్టాలని ఆయన నిర్ణయించాడు. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలను ఒప్పించడానికి ఎంతో కష్టపడ్డాడు. నన్ను పిలిచి చెప్పాడు:

"నువ్వు ముందు రోజు పైకి వెళ్ళి మందు తీసుకో. సంతరోజు పొద్దున, సంత అరుగు మీదికి ఎండ రాకముందే నా చేతికి ఇవ్వాలి. మళ్ళీ వెచ్చటి మందు తెస్తే సైకిలు పై ఊరి ఆయనకు ఇచ్చేస్తాను. అతను చలి ప్రాంతం మనిషి. పొద్దున్నే లేవగలడు."

నేను పొద్దున్నే లేవలేనని ఎవరు చెప్పారు ఆయనకు? నాకు తెలుసు ఎవరు చెప్పారో. పైఆయనకు ఆ సైకిలు మీద మొదటి నుంచీ కన్ను. నేను ఎప్పుడు వెళ్ళినా దాని గంట ఒకసారి మోగించి చూసేవాడు. తన వస్తువు అరువిచ్చినట్టు ముఖం పెట్టేవాడు.

సైకిలు పోతే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. నా ఊళ్ళన్నీ నడిచి తిరగాలి. ఒక చలికాలంలో సగం ఊళ్ళకు కూడా చేరలేను. చేరని ఊళ్ళో మశూచి వస్తే నా పేరే చెప్తారు. అంతకంటే ముందు, కొలిమి దగ్గర ఆ బండ మీద ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి?

ముందు రోజు మధ్యాహ్నానికి పై ఊరు చేరాను. ఎక్కే కొద్దీ చలి తెలుస్తోంది. మా కింది ఊళ్ళ చలి వేరు, అక్కడి చలి వేరు. అక్కడ అది నేలలోంచి వస్తుంది. మోటారు వచ్చింది. మందు డబ్బా దించుకున్నాను. తడిగుడ్డ చుట్టి, ఎండు సొరకాయ బుర్రలో పెట్టి, మూతి మీద మళ్ళీ తడిగుడ్డ కట్టాను. బుర్రలో నీళ్ళెంత చల్లగా ఉంటాయో దోర్ల వాళ్ళ ఇళ్ళల్లో చూసి నేర్చుకున్న పద్ధతి అది.

ఆ రాత్రి పైఆయన ఇంటి వసారాలో పడుకున్నాను. సైకిలు లోపల పెడతానన్నాను.

"లోపల జాగా లేదు భాయ్," అన్నాడు. "మేకలున్నాయి."

"ఒక మూలకు నిలబెడితే?"

"మేకలకు చలి ఎక్కువ. సైకిలుకు చలేంది?"

మేకలు లోపల పడుకున్నాయి. నా సైకిలు వాకిట్లో మంచులో నిలబడింది. ఆయన కావాలని చేశాడా అని చాలామంది నన్ను తరవాత అడిగారు. నేను ఎవరి మీదా నింద వెయ్యను. కానీ ఆయన మాట, మేకలకు చలి ఎక్కువ అన్నది, నేను ఏ ఒక్క అక్షరమూ మార్చకుండా రాశాను.

ఇంకా చీకటి విడవకముందే లేచాను. విస్తరి చొక్కా కింద పెట్టుకున్నాను, చేతులకు పేలికలు చుట్టుకున్నాను, బుర్రను క్యారియరుకు కట్టాను. సైకిలు తుడిస్తే చెయ్యి తడిసి ముద్దయింది. ఊరు దాటేదాకా దారి కొంచెం దిగుడు, సైకిలు దానంతట అదే సాగింది. చదును రాగానే తొక్కాను. కాళ్ళు గిర్రున తిరిగాయి. గొలుసు తిరిగింది. చక్రం తిరగలేదు. మళ్ళీ తొక్కాను. గాలిలో తొక్కినట్టుంది. సైకిలు మెల్లగా ఆగి, పక్కకు ఒరిగింది.

గొలుసు ఊడిందేమో అని తడిమాను. లేదు. పళ్ళచక్రం వేలితో తిప్పితే మెత్తగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. మామూలుగా అయితే టకటకమనాలి. అప్పుడు అర్థమైంది. నూనె లోపల పేరుకుపోయింది. ఇనుప నాలుకలు దాంట్లో కూరుకుపోయి లేవడం లేదు. గాజులాయన ఎత్తిన చెయ్యి నా కళ్ళ ముందుకు వచ్చింది. "వంతు" అన్న మాట ఆ అడవిలో వినిపించింది.

మంట వేసి కరిగిద్దామనుకున్నాను. ఆకులన్నీ మంచుకు తడిసి ఉన్నాయి. పొగ తప్ప మంట లేదు. రెండు చేతులూ దాని మీద కప్పి ఊదాను. నోటి ఆవిరికి ఎంత కరుగుతుంది? నెట్టుకుంటూ నడిస్తే ముందటి ఏడు జరిగినదే మళ్ళీ జరుగుతుంది. తూర్పున చెట్ల పైన తెల్లబడుతోంది.

ఆ సమయంలో ఒక దోర్ల అవ్వ అటుగా వచ్చింది. సంతకు పోతోంది. నెత్తిన చింతపండు గంప, గంప కిందికి జారకుండా అడ్డనార తాడుతో కట్టి ఉంది. ఆగి నన్నూ సైకిలునూ చూసింది. వాళ్ళ మాట నాకు వచ్చు, నా మాట ఆమెకు వచ్చు.

"ఏందయ్యా, బండి సచ్చిందా?"

"సావలేదు అవ్వా. చలికి బిగుసుకుంది."

"ముసలిదా?"

"నీ అంత కాదు."

ఆమె పకపకా నవ్వింది. వంగి ఊదుతున్నప్పుడు నా చొక్కా బొత్తాం ఊడి లోపలి విస్తరి బయటపడింది. అది చూసి ఇంకా నవ్వింది. "అన్నం లేకుంటనే విస్తరి కట్టుకున్నవేంది? యాడ విందు ఉంటదో అని తిరుగుతున్నవా?"

నేను ఆమె మాట వినడం లేదు. గంపకు కట్టిన నార చూస్తున్నాను. అప్పుడు నాకు తట్టింది. ఎవరూ చెప్పలేదు, ఏ బండ దగ్గరా వినలేదు, నా బుర్రలోంచే వచ్చింది. లోపలి నాలుకలు పట్టుకోకపోతే నేనే బయట నుంచి పట్టించాలి. పళ్ళచక్రాన్ని వెనక చక్రం ఇనుప పుల్లలకు కట్టేస్తే, గొలుసు తిరిగితే చక్రం తిరిగి తీరాలి.

"అవ్వా, నీ నార కావాలె."

"గంప పడితే?"

"గంప నేను సైకిలు మీద తెస్త. సంతల నీ జాగాల పెడ్త."

ఆమె నన్ను తేరిపార చూసింది. సూదితో పిల్లలను గీరేవాణ్ణి నేనే అని గుర్తుపట్టినట్టుంది. "గీరుడు అయ్యవా నువ్వు? నా మనుమరాలికి పోయినేడు గీరినవ్. పొక్కు రాలేదు."

"ఈసారి వస్తది. అందుకే నార అడుగుతున్న."

ఆమె గంప దించి నార విప్పింది. నీళ్ళతో తడిపి, పళ్ళచక్రం పళ్ళ మధ్యగా గొలుసుకు అడ్డం రాకుండా పుల్లలకు చుట్టాను. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. అడ్డనార తెగేది కాదు. దాంతో మా వైపు ఇళ్ళ వాసాలు కడతారు. ముడి బిగించి పెడలు నొక్కాను. చక్రం కదిలింది. ఆ కదలిక చూసినప్పుడు నాకు కలిగిన గర్వం సంస్థానంలో ఏ పెద్ద ఉద్యోగికీ కలిగి ఉండదు. గంపను నా తువ్వాలుతో ముందు హ్యాండిలుకు కట్టుకుని ఎక్కాను.

ఒక సంగతి ఎక్కాక తెలిసింది. చక్రానికి కట్టేసిన పళ్ళచక్రం కాళ్ళను ఆగనివ్వదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళు తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాలి. మామూలుగా దిగుడులో కాళ్ళకు విశ్రాంతి. నాకు దిగుడులోనే పని ఎక్కువ. వాగు దగ్గరి దిగుడులో నా మోకాళ్ళు గడ్డం దాకా లేచాయి. కాళ్ళు నావి కావు, ఎవరో వెనక నుంచి విసురుతున్నట్టుంది. విస్తరి ముక్కలై చొక్కాలోంచి రాలిపోయింది. చింతపండు గంప మాత్రం కదల్లేదు. బుర్ర కదల్లేదు. వాగులో దిగి సైకిలు ఎత్తుకుని దాటుతూ, తడిగుడ్డ మళ్ళీ తడిపాను. ఎత్తులు వచ్చినప్పుడు ఆ కట్టు నాకు ఉపకారమే చేసింది. చక్రం నా కాళ్ళను పైకి లాగింది. ఇట్లా తొక్కినవాడు ఆ దారిలో నాకు ముందు లేడు.

మద్దేడు చేరేసరికి ఎండ చెట్ల కొసల మీదే ఉంది. సంత ఇంకా నిండలేదు. అరుగు దగ్గర డాక్టరు బాబు శాలువా కప్పుకుని నిలబడ్డాడు. చుట్టూ తల్లులు, చంకల్లో పిల్లలు. పైగా దోర్ల పెద్దలు. నన్ను చూసి ఆయన చెయ్యి ఎత్తాడు. "రుకో!"

ఆగడమెట్లా? సంత మైదానంలోకి దారి దిగుడు. బ్రేకు నొక్కాను, చేతులకు పేలికలు. జారింది. కాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరు బాబును దాటి, అరుగును దాటి వెళ్ళిపోయాను. సంతకు తొందరగా వచ్చి పెట్టెలు దించుకుంటున్న గాజులాయన నన్ను చూసి రెండు చేతులూ చాచి పెట్టెలకు అడ్డం నిలబడ్డాడు.

"నా గాజులు! ఓరి నాయనా, నా గాజులు! కాళ్ళు ఆపుర!"

"ఆగవన్నా! జరుగు!"

కొలిమి చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఎత్తు వైపు మళ్ళించి, వేగం చచ్చాక దూకాను. ఒక్క గాజు పగలలేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే తరవాత గాజులాయన పగిలాయని చెప్పుకున్నాడు.

సైకిలు నెట్టుకుంటూ అరుగు దగ్గరికి వచ్చి బుర్ర విప్పి ఇచ్చాను. డాక్టరు బాబు డబ్బా తీసి చెంపకు ఆనించుకున్నాడు. అందరూ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. తరవాత డబ్బాను పక్కనున్న దోర్ల పెద్ద చెంపకు ఆనించాడు. ఆ పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

"చల్లగ ఉంది," అన్నాడు పెద్దమనిషి.

డాక్టరు బాబు వంగి వెనక చక్రం చూశాడు. నార చూశాడు, వేలితో గీటి చూశాడు. "సైకిలు మంచిది," అన్నాడు. "నీ దగ్గరే ఉండనీ."

సైకిలు మంచిది. ఆయన మాట యథాతథంగా ఇది. దాన్ని తొక్కినవాడి గురించి ఒక మాట కూడా లేదు. నాకు ఆ రోజు కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత సంతోషం. కానీ ఈ లోటు కూడా ఆ రోజే గమనించాను. అయినా సైకిలు నాది. ఎవరికీ ఇవ్వరు. పైఆయన ఇక మీద గంట మోగిస్తే నా అనుమతితో మోగించాలి.

అవ్వ ఆలస్యంగా నడిచి వచ్చింది. ఆమె కూర్చునే చోట గంప పెట్టి ఉంచాను. ఒక్క పిక్క కూడా కింద పడలేదని చూసుకుంది. నార తిరిగి ఇస్తానంటే వద్దంది. మనుమరాలిని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. తరవాతి సంతకు ఆ పిల్ల జబ్బ మీద గుండ్రటి పొక్కు లేచింది. అవ్వ ఆ జబ్బను సంతలో అందరికీ చూపించింది. నేను ఎవరికీ చూపించమనలేదు. ఆమే చూపించింది.

ఫ్రీవీలును కిరసనాయిలుతో కడిగి, కానుగ నూనె పోశాను. కానుగ నూనె మా చలికి పేరుకోదు. ఆ తరవాత నాలుకలు ఎప్పుడూ కూరుకుపోలేదు. నార కట్టు మాత్రం పూర్తిగా తీసెయ్యలేదు. పళ్ళచక్రం నుంచి విప్పి, రెండు పుల్లలకు చుట్టి అట్లాగే ఉంచాను. అవసరం పడితే దారిలో వెతుక్కోనక్కర లేదు. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం, చూసినవాడు ఇదేంది అని అడగాలని.

కొలిమి దగ్గర నాకు వంతు వచ్చింది. నాకేదారే ఇప్పించాడు. "సర్కారు సైకిలు అయినా తొక్కినోడు సర్కారు గాదు," అన్నాడు. గాజులాయన ఒప్పుకున్నాడు కానీ చివరి వంతు ఇచ్చాడు. కొత్త సైకిలు వాళ్ళ తరవాత కూడా.

మరుసటి చలికాలం ఉప్పు, పొగాకు అమ్మే మనిషి ఒకాయన కొత్తగా సైకిలు కొని వచ్చాడు. బండ దగ్గర కూర్చుని అడిగాడు: "పొద్దున తొక్కితే కాళ్ళు వట్టిగనే తిరుగుతున్నయి, చక్రం తిరగది. ఏం జెయ్యాలె?"

ఆ జబ్బు నాకు తెలిసినదే. కానీ వంతు గాజులాయనది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇప్ప నూనె పోసినవా? అదే జబ్బు. చలికాలం ఇప్ప నూనె పొయ్యొద్దు. కానుగ నూనె పొయ్యాలె. దారిల ఆగిపోతే అడ్డనార తీసుకుని పళ్ళచక్రాన్ని పుల్లలకు కట్టు. కాళ్ళు ఆగవు గానీ ఇల్లు చేరుతవు. నాది ఇన్నేండ్ల సైకిలు. అనుభవంతోని చెప్తున్న."

నా వైపు చూడలేదు. నాకేదారు, "నాదీ అదే మాట," అన్నాడు, మీసం కింద నవ్వుతూ. వంతులు ఒక్కొక్కటే గడిచాయి. అందరూ కానుగ నూనె, అడ్డనార అన్నారు. చివరికి నా వంతు వచ్చింది. చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట మిగల్లేదు. నా మాటలన్నీ నా కంటే ముందే చెప్పేశారు.

నేను లేచాను. పాకకు ఆనించిన నా సైకిలు తెచ్చి, బండ ముందు తలకిందులుగా నిలబెట్టాను. వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాను. నూనెకూ దుమ్ముకూ నల్లబడి, పుల్లలకు చుట్టి ఉన్న నార అందరి కళ్ళ ముందు ఒకసారి తిరిగి వచ్చి ఆగింది. కొత్త మనిషి దాన్ని చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"గాజులన్నా," అన్నాడు నాకేదారు తాపీగా. "నీ సైకిలు కూడ తిప్పరాదూ? నీ నార చూద్దాం."

కమ్మరి సుత్తె ఆపి నవ్వాడు. ఈసారి ఆ నవ్వు ఎవరి కోసమో అందరికీ తెలుసు. గాజులాయన గాజులు సర్దుకోవాలని లేచి వెళ్ళాడు. కొత్త మనిషి నా పక్కకు జరిగి, నార ఎట్లా చుట్టాలో చూపించమని అడిగాడు. నేను విప్పి మొదటి నుంచి చుట్టి చూపించాను. చూపిస్తున్నంతసేపూ ఎవరూ వంతు అనలేదు.